మరుగునపడ్డ ఫ్రెంచ్ పల్లె రుచులు, వాటిని వెనక్కి తెస్తున్న పెద్ద రెస్టారెంట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో కొన్నేళ్లు ఉండి వచ్చాను. అప్పటి నుంచి ఫ్రాన్స్ వెళ్లే స్నేహితులు, చుట్టాలు, వాళ్ల పిల్లలు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. మెనూలో ఏదో పాత దుంప పేరు రాసి అంత రేటు పెట్టారేంటని ఒకరు, కోడి పక్కన ఊరి పేరు ఎందుకు రాస్తారని ఇంకొకరు. ఆ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి జవాబులు రాశాను. నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి కొన్ని జవాబులు పొడుగ్గానే ఉంటాయి.

ఫ్రెంచ్ వంటకు ప్రపంచమంతా పేరుంది కదా. మరి అందులో మరిచిపోయినవి ఏమున్నాయి?

ఆ పేరంతా ఫ్రెంచ్ వంటలో ఒక భాగానిదే. రాజుల, ధనికుల బల్లల మీద పెరిగి, తర్వాత పెద్ద హోటళ్లకు చేరిన వంట అది. 1903లో ఒగుస్త్ ఎస్కోఫియే దాన్నంతా క్రోడీకరించి పుస్తకంగా వేశాడు. ఏ సాస్ దేనితో మొదలుపెట్టాలి, దేని పక్కన ఏది వడ్డించాలి అన్నీ అందులో ఉన్నాయి. ఆ పద్ధతి నేర్చిన వంటవాడు పారిస్‌లో వండినా లండన్‌లో వండినా ఒకే రుచి రావాలి. గొప్ప పనే, కాదనను. కానీ ఊరికో తీరుగా, ఇంటికో తీరుగా ఉండే వంటలకు అందులో చోటు తక్కువ.

వాయవ్య ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో బక్‌వీట్ అనే గింజల పిండితో పోసే అట్లు, సెవెన్ కొండల్లో పొగ మీద ఎండబెట్టిన చెస్ట్‌నట్ కాయలతో కాచే బజానా అనే సూపు, ఒవెర్న్ పల్లెల్లో కోడి రసంలో కుంకుమపువ్వు వేసి రొట్టె ముక్కలు నానబెట్టే ముర్తైరోల్, ఇవన్నీ ఇళ్లలోనే ఉండిపోయాయి. రాసిపెట్టినవాళ్లు తక్కువ. 1921 నుంచి క్యుర్నోన్‌స్కీ, మార్సెల్ రూఫ్ అనే ఇద్దరు రచయితలు కారేసుకుని దేశమంతా తిరిగి ఏ ప్రాంతంలో ఏం తింటారో వరసగా పుస్తకాలు వేశారు. అప్పటికింకా ఆ వంటలు బతికే ఉన్నాయి. దెబ్బ పడింది రెండో ప్రపంచయుద్ధం తర్వాత. ట్రాక్టర్లు వచ్చాయి, పిల్లలు పట్నాలకు వెళ్లిపోయారు, సూపర్‌మార్కెట్లు తెరిచారు. యంత్రానికి లొంగని పంట, త్వరగా బరువెక్కని కోడి, ఎక్కువ పాలివ్వని ఆవు ఒక్కొక్కటే పక్కకు జరిగిపోయాయి. పంట పోయాక దాని వంట ఎన్నాళ్లు ఉంటుంది?

"మరిచిపోయిన కూరగాయలు" అని మెనూల్లో రాస్తారు. అవేమిటి?

ఫ్రెంచ్‌లో వీటిని "లెగ్యూమ్ ఉబ్లియే" అంటారు. ఎక్కువగా కనిపించేవి తోపినాంబూర్, రూతబాగా, పానే, క్రోన్, సల్సిఫీ అనే దుంపలు, కార్దోన్ అనే కాడ. మొదటి రెండింటినీ నిజానికి ఎవరూ మరిచిపోలేదు. మరిచిపోవాలనుకున్నారు. జర్మన్ ఆక్రమణ రోజుల్లో బంగాళాదుంపలు సైన్యానికి పోయేవి. జనానికి మిగిలింది పశువులకు వేసే రూతబాగా, తోపినాంబూర్. నాలుగేళ్లు వెన్న లేకుండా, ఉప్పునీళ్లలో ఉడికించి తిన్న తరం యుద్ధం అయ్యాక వాటి మొహం చూడలేదు.

లియోన్‌లో సోన్ నది ఒడ్డున పొద్దున్నే సంత జరుగుతుంది. ఒక చలికాలం ఉదయం నేను తోపినాంబూర్ ఏరుకుంటున్నాను. అల్లం కొమ్ముల్లా గుత్తులుగా, గులాబీ రంగు తొక్కతో ఉంటాయి. పక్కన నిలబడ్డ పెద్దావిడ నా సంచి వైపు చూసి తల అడ్డంగా ఊపింది. చిన్నప్పుడు అవి తిన్నవాళ్లెవరూ డబ్బిచ్చి కొనరని చెప్పింది. ఆ మాటలో కోపం లేదు. మా నాయనమ్మ సంకటి గురించి ఇలాగే మాట్లాడేది, వరి అన్నం దొరికాక మళ్లీ అదెందుకురా అని. లేమితో ముడిపడ్డ తిండిని మళ్లీ ఇష్టంగా తినాలంటే సాధారణంగా ఒక తరం దాటాలి. ఫ్రాన్స్‌లో ఈ దుంపలకు మంచిరోజులు తెచ్చింది ఆ కరువు చూడని మనవలు, వాళ్లలో షెఫ్‌లు అయినవాళ్లు.

ఇంకో సంగతి. క్రోన్ దుంప ఫ్రాన్స్‌లో పుట్టలేదు, తూర్పు ఆసియా నుంచి వచ్చింది. 1882లో నికోలా-ఒగుస్త్ పాయ్యూ అనే ఆయన పారిస్ దగ్గర క్రోన్ అనే ఊళ్లో తన తోటలో వేశాడు, ఊరి పేరే దుంపకు వచ్చింది. తోపినాంబూర్ ఉత్తర అమెరికాది. ఒక నేలలో కొన్ని తరాలు పండి, అక్కడి వంటలో కలిసిపోతే అది ఆ ప్రాంతపు పంటే. మన మిరపకాయ కూడా బయటి నుంచి వచ్చిందేగా.

ఈ పాత వంటల్ని పెద్ద రెస్టారెంట్లకు తేవడం మొదలుపెట్టిందెవరు?

ఒక్కరు కాదు. ముందుగా చెప్పాల్సింది లియోన్ "మేర్"ల గురించి. మేర్ అంటే అమ్మ. ధనికుల ఇళ్లలో వంటమనుషులుగా చేసి, తర్వాత సొంత హోటళ్లు పెట్టుకున్న ఆడవాళ్లు వీళ్లు. వాళ్లలో ఎజెనీ బ్రాజియే 1933లో తన రెండు రెస్టారెంట్లకూ మూడేసి మిషెలిన్ స్టార్లు తెచ్చుకుంది. మిషెలిన్ అనే రెస్టారెంట్ల గైడ్ ఇచ్చే గుర్తింపు అది, మూడు స్టార్లే అందులో అన్నిటికంటే పైది. పల్లె నుంచి వచ్చిన ఆడమనిషి చేతివంట పెద్ద బల్లకు చేరిన రోజది. ఆమె హోటల్‌ను 2008లో మత్యూ వియానే తీసుకుని, ఆమె పేరూ ఆమె వంటలూ నిలబెడుతూ నడుపుతున్నాడు.

తర్వాత అలాఁ షాపెల్. లియోన్ దగ్గర మియోనే అనే ఊళ్లో ఉండేవాడు, 1973లో మూడు స్టార్లు వచ్చాయి. అదే ప్రాంతానికి చెందిన లూసియాఁ తాంద్రే అనే లాయరు 19వ శతాబ్దం చివర్లో రాసిపెట్టిన వంటల్లోంచి కోడి కార్జాల కేకు, దానిమీద క్రేఫిష్ (మంచినీటి రొయ్య లాంటిది) సాస్, ఈ జోడీని తీసుకుని షాపెల్ మళ్లీ వడ్డించాడు. పాత కాగితం మీద పడి ఉన్న వంటని పెద్ద వంటగదిలోకి తేవచ్చని చాలామంది కుర్ర షెఫ్‌లు ఆయన దగ్గరే నేర్చుకున్నారు. ఇవాళ పేరున్న షెఫ్ అలాఁ ద్యుకాస్ కూడా ఆయన శిష్యుడే.

నా వరకు అసలు మలుపు మాత్రం మిషెల్ బ్రాస్.

మిషెల్ బ్రాస్ ఏం చేశాడు? అందరూ ఆయన పేరే ఎందుకు చెబుతారు?

ఫ్రాన్స్ దక్షిణ భాగంలో ఒబ్రాక్ అనే పీఠభూమి ఉంది. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ, కంటికి ఆనినంత మేర పచ్చిక. అక్కడ లగియోల్ అనే చిన్న ఊరు. రాసేది లగియోల్ అనే అయినా అక్కడివాళ్లు "లాయోల్" అంటారు. కత్తులకు, చీజ్‌కు పేరున్న ఊరు. మిషెల్ తల్లిదండ్రులకు అక్కడ ఒక చిన్న హోటల్. ఆయన పెద్ద షెఫ్‌ల దగ్గరికి వెళ్లి నేర్చుకోలేదు, తల్లి పక్కన నిలబడి నేర్చుకున్నాడు.

ఆ ప్రాంతంలో గార్గుయూ అనే పేదవంట ఒకటి ఉంది. బంగాళాదుంపలు, కొంచెం నీళ్లు, ఉప్పు పట్టించి ఆరబెట్టిన పందిమాంసం ముక్క, అంతే. మిషెల్‌కు పరుగు అలవాటు. జూన్ నెలలో పచ్చిక పూలతో నిండి ఉన్నప్పుడు పరుగెడుతూ ఆ కొండంతా పళ్లెంలో పెట్టాలనుకున్నాడు. 1980 ప్రాంతంలో ఆ పాత పేరే ఉంచి వంట మార్చాడు. ఆ రోజు తోటలో, గట్ల మీద దొరికిన కూరగాయలు, ఆకులు, మొలకలు, గింజలు, పూలు, అన్నీ కలిపి యాభై అరవై రకాలు. ప్రతి కూరగాయనూ విడిగా, దానికి కావాల్సినంత సేపే ఉడికిస్తారు. క్యారట్‌కు పట్టే టైము బీన్స్‌కు పట్టదు కదా. చివర్లో మాంసం ముక్క వేగిన గిన్నెలో కొంచెం రసం, వెన్న వేసి అన్నీ ఒక్కసారి తిప్పుతారు. ఒక పళ్లెం వెనక పొద్దుటి నుంచి చాలామంది పని ఉంటుంది. పచ్చికలో పెరిగే సిస్త్ర్ లాంటి మొక్కలకు అంతకుముందు పళ్లెంలో విలువే లేదు. ఈ వంట తర్వాత ప్రపంచంలో ఎన్ని రెస్టారెంట్లు ఆకులూ పూలూ ఏరుకొచ్చి వడ్డించడం మొదలుపెట్టాయో లెక్కలేదు.

1992లో ఊరి బయట గుట్ట మీద కొత్త రెస్టారెంట్ కట్టారు. 1999లో మూడు స్టార్లు వచ్చాయి. తర్వాత కొడుకు సెబాస్తియాఁ పగ్గాలు తీసుకున్నాడు. 2017లో తమను మిషెలిన్ గైడ్ నుంచి తీసేయమని ఆయనే అడిగాడు, ఆ టెన్షన్ వద్దని. ఏడాదికి గైడ్ మళ్లీ రెండు స్టార్లతో చేర్చింది, అది వేరే కథ.

ఆలిగో అంటే ఏమిటి? అదీ పెద్ద రెస్టారెంట్‌లో వడ్డిస్తారా?

వడ్డిస్తారు. బ్రాస్ వాళ్ల దగ్గర అమ్మ చేసే ఆలిగో ఇప్పటికీ పెడతారు. ఉడికించి మెదిపిన బంగాళాదుంపలో వెన్న, మీగడ, వెల్లుల్లి వేసి, అప్పుడే విరిచి గట్టిపరిచిన తోమ్ అనే లేత చీజ్‌ను సన్నగా తరిగి కలుపుతారు. చెక్క తెడ్డుతో ఒకే వైపు తిప్పుతూ, మధ్యమధ్య పైకి లాగుతూ ఉంటారు. మొదట ముద్దలు ముద్దలుగా ఉంటుంది, చీజ్ ఎక్కడికక్కడ విడివిడిగా కనిపిస్తుంది. చెయ్యి నొప్పెట్టే సమయానికి ఒక్కసారిగా నునుపు తేలి, తెడ్డు ఎత్తితే మీటరు పొడుగు తీగ సాగుతుంది. మంట ఎక్కువైతే నూనె విడిపోతుంది, తక్కువైతే తీగ రాదు. బందరు హల్వా తిప్పేవాళ్లను చూసినవాళ్లకు ఆ ఓపిక ఏమిటో అర్థమవుతుంది.

స్పెయిన్‌లోని సాంతియాగోకు నడిచివెళ్లే యాత్రికులకు ఒబ్రాక్ మఠంలో సన్యాసులు రొట్టె, లేత చీజ్ కలిపి పెట్టేవారని, అదే ఆలిగోకు మూలమని చెప్పుకుంటారు. బంగాళాదుంప వచ్చాక రొట్టె స్థానంలో అది చేరింది. ఈ వంట ఇవాళ నిలిచి ఉందంటే దాని వెనక 1960లో లగియోల్ రైతులు పెట్టుకున్న పాల సహకార సంఘం ఉంది. అది లేకపోతే తోమ్ లేదు, తోమ్ లేకపోతే ఆలిగో లేదు.

ఒక పంటో, జాతో నిజంగా ఎలా తిరిగి వస్తుంది? షెఫ్ మెనూలో రాస్తే సరిపోతుందా?

చాలదు. నేను ఈ పేజీ రాయడానికి ముఖ్య కారణం ఈ ప్రశ్నే. షెఫ్ చేసేది చివరి పని. అంతకుముందు విత్తనం దాచినవాళ్లు, జంతువును లెక్కపెట్టినవాళ్లు, పది పదిహేనేళ్లు నష్టానికి పెంచినవాళ్లు ఉండాలి. షెఫ్ ఆ కష్టానికి తగిన రేటు ఇచ్చి, ఏటా కొంటానని మాట ఇస్తే అప్పుడు రైతు కొడుకు కూడా అదే పంట వేస్తాడు.

బిగోర్ నల్లపంది సంగతి చూడండి. పిరనీస్ కొండల కింద ఎప్పటినుంచో ఉన్న జాతి. నెమ్మదిగా పెరుగుతుంది, కొవ్వు ఎక్కువ. పెద్ద పరిశ్రమలకు అక్కర్లేదు. 1981లో లెక్కేస్తే మిగిలినవి 34 ఆడపందులు, 2 మగవి. అక్కడి నుంచి కొంతమంది రైతులు, మాంసం తయారీదారులు జట్టుకట్టి మందను పెంచారు. పచ్చిక మీద, రాలిన ఓక్ గింజల మీద మేపుతారు. 2015లో ఆ మాంసానికి దేశంలో మూల గుర్తింపు (ఫలానా ప్రాంతానిదేనని చట్టం ఇచ్చే ముద్ర), 2017లో యూరప్ గుర్తింపు వచ్చాయి. ముప్పై ఆరు జంతువుల నుంచి అక్కడిదాకా ముప్పై ఆరేళ్లు పట్టింది.

బ్రిటనీలో కుకు ద రెన్ అనే బూడిదరంగు చారల కోడి. యుద్ధం తర్వాత పోయిందనే అనుకున్నారు. 1988లో రెన్ నగరపు గ్రామీణ మ్యూజియం వాళ్లు ఆ కోళ్లు ఇంకా పెంచుతున్న ఒకాయన్ని పట్టుకుని, వాటితో జాతిని మళ్లీ నిలబెట్టారు. నాలుగు నెలలకు పైగా పెరిగితే గానీ కోతకు రాదు. బ్రాయిలర్‌కు నాటుకోడికి తేడా తెలిసిన మనవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇక నువార్ముతియే దీవిలోని బొన్నోత్ బంగాళాదుంప. దీని కాయలు వేరును గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి యంత్రంతో తియ్యడం కుదరదు, చేత్తో ఏరాల్సిందే. అందుకే యంత్రాలు వచ్చాక దాదాపు కనుమరుగైంది. 1990లలో దీవి రైతుల సహకార సంఘం మళ్లీ నాటించింది. ఫిబ్రవరి 2న, కొవ్వొత్తుల పండుగ నాడు నాటుతారు, తొంభై రోజులకు మే మొదట్లో తీస్తారు. సముద్రపు నాచే ఎరువు. 1996లో తొలి దుంపలను పారిస్‌లో వేలం వేస్తే కిలో 3,000 ఫ్రాంకులు పలికింది. ఆ రేటు ప్రచారం కోసమే, మామూలు ధర అది కాదు. కానీ ఆ వార్త దేశమంతా పాకింది, దుంప బతికింది. అదే దీవిలో అలెక్సాంద్ర్ కుయోన్ రెస్టారెంట్‌కు 2023లో మూడో స్టార్ వచ్చింది.

తార్బ్ ప్రాంతపు తెల్ల చిక్కుడు గింజలదీ ఇలాంటి దారే. మొక్కజొన్న కర్రనే పందిరిగా చేసుకుని పాకే తీగ ఇది. మన అంతరపంట పద్ధతే. హైబ్రిడ్ మొక్కజొన్న, కలుపుమందులు, కోత యంత్రాలు వచ్చాక తీగకు చోటు లేకుండా పోయింది. 1986లో కొందరు రైతులు మళ్లీ మొదలుపెట్టి, 2000లో యూరప్ భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు.

చట్టం అడ్డు కూడా ఉండేది. ఫ్రాన్స్‌లో అధికారిక జాబితాలో నమోదు కాని కూరగాయ విత్తనం అమ్మడం కష్టం. ఎవరి హక్కూ లేని పాత రకాల విత్తనాలను పెరటితోటల వాళ్లకు అమ్ముకోవచ్చని 2020లో చట్టం సడలించారు. చాలా ఆలస్యంగా వచ్చిన మంచిపని.

గ్వెల్ అని బ్రిటనీలో ఏదో ఇస్తారట, పెరుగేనా?

పెరుగుకు చాలా దగ్గర చుట్టం. పై నా బ్రెతోన్, అంటే నలుపు తెలుపు మచ్చల చిన్న బ్రిటనీ ఆవు పాలతో చేస్తారు. ఆ ఆవులూ తగ్గిపోయి కొన్ని వందలే మిగిలినప్పుడు 1976లో వాటిని కాపాడే పథకం మొదలైంది. గ్వెల్‌కు కిందటి సారి చేసిన దాంట్లోంచి తోడు తీసి కొత్త పాలలో వేస్తారు. ఆ తోడే ఒక రైతు నుంచి ఇంకో రైతుకు చేతులు మారుతూ వచ్చింది. పక్కింటికి గిన్నె పట్టుకెళ్లి తోడు తెచ్చుకున్న మనకు ఇది వింతేమీ కాదు. నోట్లో వేసుకుంటే గట్టిగా, జున్నులా నునుపుగా, తక్కువ పులుపుతో ఉంటుంది. పల్లెల్లో ఉడికిన బంగాళాదుంపతోనో, బక్‌వీట్ అట్టుతోనో తినేవారు. పెద్ద షెఫ్‌లు చేప పక్కన, ఐస్‌క్రీమ్‌గా కూడా వాడుతున్నారు. నన్నడిగితే వేడి దుంప, గళ్లుప్పు, గ్వెల్ చాలు.

ఈ కథలో తెలుగువాళ్లకు ఏదైనా సంబంధం ఉందా?

ఉంది, సముద్రం మీదుగా. 1664లో పెట్టిన ఫ్రెంచ్ ఈస్టిండియా కంపెనీ 1669కల్లా మచిలీపట్నంలో వర్తకస్థావరం తెరిచింది. అక్కడ ఫ్రెంచిపేట పేరు ఇప్పటికీ ఉంది. యానాం 1954 వరకు ఫ్రెంచివాళ్ల కిందే ఉంది. ఆ ఓడలు తిరిగి వెళ్లేది బ్రిటనీ రేవులకు. అందువల్ల అక్కడి తీరానికి మసాలా వాసన అలవాటైంది. 19వ శతాబ్దంలో లోరియాఁ రేవులో గోస్ అనే మందుల తయారీదారు ఒక కర్రీ పొడి కలిపాడు. కారి గోస్ అంటారు. అల్లం, లవంగం, పసుపు, దాల్చిన చెక్క, మిరప ఉంటాయి. చాలాకాలం మందుల షాపుల్లోనే అమ్మారు. అక్కడివాళ్లు సముద్రపు పెద్దరొయ్య లాంటి లాబ్‌స్టర్‌ను దీంతో వండుతారు. బ్రిటనీ బయట దీని పేరు తెలిసినవాళ్లు తక్కువ.

ఈ చరిత్రను వంటగా చేసినవాడు కంకాల్ ఊరి ఒలివియే రోలాంజే. నావికుల ఊరు సేం-మాలోకు దగ్గర్లోనే పెరిగినవాడు. 1980లలో ఆయన "ఇండియా నుంచి తిరుగు ప్రయాణం" అని పేరు పెట్టి సేం-పియెర్ అనే చేపను పద్నాలుగు మసాలాలతో వండాడు. బ్రిటనీ వంటంటే వెన్న, ఉప్పు మాత్రమే కాదు, ఓడలు తెచ్చిన దినుసులు కూడా మా వారసత్వమే అన్నది ఆయన పట్టు. 2006లో మూడు స్టార్లు వచ్చాయి, 2008లో ఆరోగ్యరీత్యా ఆ రెస్టారెంట్ మూసేశాడు. కొడుకు యూగో నడిపే రెస్టారెంట్‌కు 2025లో మూడు స్టార్లు వచ్చాయి. వదువాఁ అని ఫ్రెంచ్ షెఫ్‌లు వాడే మసాలా ముద్ద కూడా పుదుచ్చేరి దారిన వెళ్లిన తమిళ వడగమే, ఉల్లి వెల్లుల్లి ఎండబెట్టి చేసేది.

పాత వంటని ఉన్నదున్నట్టు వడ్డిస్తారా?

అరుదు. ఒక ఉదాహరణ చెబుతాను. మార్సెయ్ బుయ్యాబేస్ అమ్ముడుపోని రాతిచేపలతో జాలర్లు గట్టున కాచుకున్న పులుసు. టూరిస్టుల కోసం అది పాడైపోతోందని 1980లో అక్కడి రెస్టారెంట్ల వాళ్లు ఏ చేపలు వెయ్యాలో ఒక ఒప్పందం రాసుకున్నారు. అదే ఊళ్లో జెరాల్ద్ పాసెదా, 2008లో మూడు స్టార్లు తెచ్చుకున్నాయన, ఆ పులుసును విడదీసి వరస వంటకాలుగా పెడతాడు. పచ్చి చిప్పలతో మొదలై, లోతులోకి దిగేకొద్దీ దొరికే చేపలతో, చివరికి చిక్కటి రసంతో ముగుస్తుంది. రేవులో ఎవరూ కొనని చేపల పేర్లు మళ్లీ జనం నోట్లోకి తెచ్చాడు. మూలం గుర్తుపట్టేలా ఉంది కాబట్టి నాకు నచ్చింది. కొన్నిచోట్ల పాత పేరు తగిలించి, దానికి సంబంధంలేని నురగ, చుక్కలు పెట్టి ఇస్తారు. అలాంటప్పుడు ఆ వంట చేసిన ముసలమ్మ ఆ పళ్లెం ముందు కూర్చుంటే గుర్తుపడుతుందా అని ఆలోచిస్తాను.

మారకుండా నిలిచినదీ ఒకటుంది. లియెవ్ర్ ఆ లా రొయాల్, అంటే రాజవంటగా చేసే చెవులపిల్లి. సెనేటర్ అరిస్తీద్ కూతో 1898 నవంబరులో ఒక పత్రికలో తన ప్రాంతం పద్ధతి రాశాడు. బోలెడన్ని వెల్లుల్లి రేకలు, సాంబారు ఉల్లిపాయల్లాంటి చిన్న ఉల్లిపాయలు, ఎర్ర వైన్‌తో గంటల తరబడి మగ్గించి చెంచాతో తినేంత మెత్తగా చేస్తారు. చలికాలం వేట రోజుల్లో ఇప్పటికీ ఆ పద్ధతి మీద ప్రాణం పెట్టే షెఫ్‌లు ఉన్నారు.

ఇది డబ్బున్నవాళ్ల సరదా కదా? పేదల తిండి పెద్ద రేటుకు అమ్మడం న్యాయమేనా?

ఈ ప్రశ్న నన్నూ ఇబ్బంది పెట్టింది. పేదరాలు చేసుకున్న గార్గుయూ పేరు పెట్టిన పళ్లెం ఆ ఊరి కూలీ కొనలేడు, నిజం. కానీ ప్రత్యామ్నాయం ఏమిటో చూడాలి. బొన్నోత్‌ను చేత్తో ఏరే కూలి ఎవరో ఒకరు ఇవ్వాలి. నాలుగు నెలలు కోడిని మేపిన రైతుకు బ్రాయిలర్ రేటు ఇస్తే మరుసటేడు ఆ కోడి ఉండదు. మొదటి కొనుగోలుదారు డబ్బున్నవాడే అయినా, పంట పెరిగాక అది సంతకు, బడి క్యాంటీన్‌కు, పక్క హోటల్‌కు వస్తోందా అన్నదే నేను చూసే కొలత. లె పుయీ ప్రాంతపు పచ్చ పప్పు (దాని సంగతి కింద చెబుతాను) అలా వచ్చింది. కొన్ని పంటలు మెనూల్లోనే ఆగిపోయాయి, వాటి విషయంలో మీ అనుమానం సరైనదే.

మరిచిపోయిన ప్రతిదాన్నీ తిరిగి తేవాలా?

అక్కర్లేదు. ఓర్తోలాఁ అనే చిన్న పిట్టను బంధించి, మేపి, మద్యంలో ముంచి చంపి వండే ఆచారం నైరుతి ఫ్రాన్స్‌లో ఉండేది. 1999 నుంచి ఆ పక్షికి చట్టరక్షణ ఉంది. 2014లో కొందరు ప్రసిద్ధ షెఫ్‌లు ఏడాదిలో ఒక్కరోజైనా అనుమతించమని అడిగారు. వాళ్లు గొప్ప వంటవాళ్లే, అయినా ఆ కోరికను నేను ఒప్పుకోను. పిట్టల సంఖ్య పడిపోతుంటే సంప్రదాయం పేరు చెప్పడం తప్పు.

మేం శాకాహారులం. మాకేమైనా దొరుకుతుందా?

దొరుకుతుంది, ముందే చెప్పాలి. బుక్ చేసేటప్పుడే మాంసం, చేప, గుడ్డు, మాంసంతో కాచిన రసం, ఏది వద్దో విడివిడిగా రాయండి. కూరగాయల వంట అని రాసినా అడుగున కోడి రసమో, పంది కొవ్వో ఉండొచ్చు. గార్గుయూ కూడా అలాంటిదే. పాత పద్ధతి చీజ్‌లు చాలావరకు దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్‌తోనే విరుస్తారు, పట్టింపు ఉన్నవాళ్లు అడగాలి. పారిస్‌లో అలాఁ పాసార్ 2001లో మాంసం పక్కనపెట్టి తన సొంత తోటల కూరగాయలతో వండటం మొదలుపెట్టాడు, మూడు స్టార్లూ నిలిచాయి. 2025 నుంచి తేనె తప్ప పూర్తిగా మొక్కల నుంచి వచ్చినవే.

అంత ఖర్చు పెట్టలేం. వేరే దారి ఉందా?

ఉంది. వారం మధ్యలో మధ్యాహ్నం మెనూలు రాత్రి కంటే బాగా తక్కువ. అదే షెఫ్‌కు పక్కనే బిస్ట్రో, అంటే తక్కువ రేట్ల చిన్న హోటల్, ఉందేమో చూడండి. ఉత్తర ఫ్రాన్స్‌లోని ఫ్లాండర్స్‌లో షెఫ్ ఫ్లోరాఁ లదేన్ అలాంటివాడు. నిమ్మకాయ, చాక్లెట్, ఆలివ్ నూనె కూడా దూరం నుంచి వస్తాయని మానేసి ఆ చుట్టుపక్కల పండేవాటితోనే వండుతాడు, లిల్ నగరంలో అతని బిస్ట్రో ఉంది. ఇంకా తేలిక దారి శనివారం సంత.

ఇంట్లో ఏదైనా చేసుకోవచ్చా?

లె పుయీ పప్పుతో మొదలుపెట్టండి. అగ్నిపర్వత నేలల్లో పండే చిన్న పచ్చ పప్పు. 1996లో మూల గుర్తింపు పొందింది, పప్పుదినుసుల్లో అదే మొదటిది. ఆ ప్రాంతంలోనే సేం-బొనె-ల-ఫ్రువా ఊళ్లో మూడు స్టార్ల రెజిస్ మార్కోఁ ఈ పప్పుకూ, అడవి పుట్టగొడుగులకూ పెద్దపీట వేశాడు. ఇది మన మసూర్‌కు సొంత జాతే. దొరక్కపోతే పొట్టు తియ్యని గుండ్రటి మసూర్ వాడండి.

నానబెట్టొద్దు, కుక్కర్ పెట్టొద్దు. కడిగిన పప్పు చన్నీళ్లలో వేసి, రెండు లవంగాలు గుచ్చిన ఉల్లిపాయ, క్యారట్, వెల్లుల్లి రేక, బిర్యానీ ఆకు వెయ్యండి. సన్నని సెగ మీద ఇరవై నుంచి ఇరవై అయిదు నిమిషాలు. ఉప్పు చివర్లో. గింజ మెత్తబడాలి, చితకకూడదు. నీళ్లు వంచేసి, వేడిగా ఉన్నప్పుడే చెంచా ఆవముద్ద, వెనిగర్, నూనె, సన్నగా తరిగిన సాంబారు ఉల్లిపాయ కలపండి. చల్లారాక కలిపితే గింజ పీల్చుకోదు.

క్రోన్ దుంపలు దొరికితే తొక్క తీయడానికి ప్రయత్నించొద్దు. పాత తువాలులో గుప్పెడు గళ్లుప్పుతో మూటకట్టి బాగా రుద్ది కడిగితే పొర ఊడిపోతుంది. తోపినాంబూర్ మాత్రం మొదటిసారి కొంచెమే తినండి, కడుపులో గాలి చేస్తుంది.

ఏ నెలలో వెళ్తే మంచిది?

ఏం తినాలనుకుంటున్నారో దాన్నిబట్టి. బొన్నోత్‌కు మే మొదటి వారాలు. ఒబ్రాక్ పూలకు జూన్. లగియోల్ గుట్ట మీది రెస్టారెంట్ చలికాలం మూసేస్తారు కాబట్టి తేదీలు చూసుకోండి. చెస్ట్‌నట్‌లు, పుట్టగొడుగులు, వేట మాంసం అక్టోబరు, నవంబరు. క్రోన్, తోపినాంబూర్ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సంతలో పెట్టెల్లో ఉంటాయి. మట్టి అంటుకుని ఉన్నవే తీసుకోండి, కడిగిపెట్టినవి త్వరగా వాడిపోతాయి.